ప్రమాణ శాస్త్రం బోరు పాయింటు దగ్గర పనికివస్తుందా?

ధర్మవరం_దారి
నేను తత్త్వశాస్త్రంలో ఎం.ఏ. చదివాను. ప్రత్యక్షం (స్వయంగా చూడడం), అనుమానం (గుర్తును బట్టి ఊహించడం), ఉపమానం (పోలిక), శబ్దం (నమ్మదగినవారి మాట) అనే నాలుగు ప్రమాణాల, అంటే తెలుసుకొనే మార్గాల గురించీ, పాశ్చాత్యుల వైపు డెకార్ట్ నుంచి కాంట్ వరకూ జరిగిన వాదాల గురించీ రెండేళ్లు చదివి పరీక్షలు రాశాను. ఏది జ్ఞానం, ఏది ఉత్త నమ్మకం అన్న ప్రశ్నకు మనుషులందరికీ, విషయాలన్నిటికీ వర్తించే జవాబు ఒకటి ఉంటుందన్న ఆశతోనే అదంతా చదివాను.

ఈ వేసవిలో ఇంటికి వెళ్లేసరికి మా చీనీ (బత్తాయి) తోట ఎండుముఖం పట్టింది. ఐదేళ్లలో మూడు బోర్లు వేయించాం. రెండింటిలో దుమ్ము తప్ప ఏమీ రాలేదు, మూడోది నిరుడు ఎండిపోయింది. ఇప్పుడు నాలుగోదానికి పాయింటు పెట్టాలి. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని పొలమంతా నడిచి నీళ్లున్న చోటు చెప్పే ఒక పెద్దాయనను పిలిపిస్తానని నాన్న అంటున్నారు. ఆయన చూపించిన చోట ఊళ్లో చాలామందికి నీళ్లు పడ్డాయట. భూమిలోకి కరెంటు పంపి కొలిచే సర్వే చేయిద్దామని నేను అన్నాను. అప్పుడు నాన్న అడిగిన మాట ఇది: "ఏది నమ్మాలో చెప్పడమే కదమ్మా నీకు అక్కడ నేర్పింది. మరి ఆ మిషను చెప్పేది నిజమని నీకెలా తెలుసు?"

నాకు జవాబు దొరకలేదు. సర్వే చేసే మనిషి మాటను నేను నమ్ముతున్నాను, కొబ్బరికాయ పెద్దాయన మాటను నాన్న నమ్ముతున్నారు, రెండూ శబ్ద ప్రమాణమే కదా అనిపించింది. అన్నిటికీ వర్తించే సిద్ధాంతం చివరికి దేనికీ అక్కరకు రాదేమో అన్న బాధతో ఇది రాస్తున్నాను. జీవనాధారానికి సంబంధించిన ఒక నిర్ణయంలో జ్ఞాన సిద్ధాంతం మీలో ఎవరికైనా నిజంగా ఉపయోగపడిందా?

మోటారు_వైండింగ్
లేదు. ముప్ఫై ఏళ్లుగా సబ్‌మెర్సిబుల్ మోటార్లకు వైండింగ్ చేస్తున్నాను. కాలిన మోటారును మూత తీయగానే వాసన చెబుతుంది. బేరింగు పోయిందా, వైండింగ్ పోయిందా అన్నది చెవి చెబుతుంది. నాకు ఇది నేర్పిన గురువుగారు ప్రమాణం అన్న మాటను గుడిలో చేసే ప్రమాణంగా తప్ప వినలేదు. ఏ పనిలోని తెలివి ఆ పనిలోనే పుడుతుంది, అక్కడే పరీక్షకు నిలుస్తుంది అని నేను నమ్ముతాను.

దీపిక_చదువరి
ధర్మవరం_దారి గారి బాధ నాకు అర్థమైంది, కానీ ఆమె నిర్ధారణతో ఏకీభవించలేను. మన తర్కశాస్త్రం పనికి దూరంగా పుట్టినది కాదు. తర్కానికి మూలమైన న్యాయసూత్రాలకు వాత్స్యాయనుడు రాసిన వ్యాఖ్యానం న్యాయభాష్యం. దాని మొదటి వాక్యమే ఇలా ఉంటుంది: "ప్రమాణతోఽర్థప్రతిపత్తౌ ప్రవృత్తిసామర్థ్యాదర్థవత్ప్రమాణమ్". ప్రమాణం ద్వారా ఒక వస్తువును తెలుసుకొని, ఆ తెలివిని బట్టి పనికి పూనుకుంటే ఆ పని సఫలమవుతుంది కాబట్టి ప్రమాణం సార్థకం అని దాని భావం. దూరంగా కనిపించింది నీరా, ఎండమావా అన్నది దగ్గరికి వెళ్లి తాగితే దాహం తీరిందా లేదా అన్నదానితో తేలుతుంది. అంటే మీరు ఇప్పుడు అడుగుతున్న ప్రశ్నతోనే ఆ శాస్త్రం మొదలైంది.

అసలు విషయానికి వస్తాను. "ఆయన చూపించిన చోట నీళ్లు పడ్డాయి" అన్న వాక్యాన్ని తర్కం ఊరికే వదలదు. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు 17వ శతాబ్దపు ఆంధ్రుడు. "కాశీకి వెళ్లినంత మాత్రాన అన్నంభట్టు కాలేరు" అన్న నానుడి సంస్కృతంలో నిలిచిపోయేంత పేరు ఆయనది. కార్యానికి ముందు నియమంగా ఉండేది కారణం అని ఆయన చెప్పాడు. ముందు ఉన్నంత మాత్రాన సరిపోదనీ, అది లేకపోయినా కార్యం వేరే విధంగా సిద్ధించేదైతే, అంటే అన్యథాసిద్ధమైతే, అది కారణం కాదనీ తార్కికులు పట్టుబట్టారు. కుండ తయారవడానికి ముందు మట్టి మోసిన గాడిద అక్కడే ఉంటుంది, అయినా కుండకు అది కారణం కాదు. కొబ్బరికాయ ఇక్కడ కుమ్మరి చక్రమా, కుమ్మరి గాడిదా అన్నది మీరు తేల్చుకోవలసిన ప్రశ్న. ఆయన పాయింటు పెట్టని చోట వేసిన బోర్లలో ఎన్నిటికి నీళ్లు పడ్డాయో ఎవరైనా లెక్కపెట్టారా?

గుంటూరు_వకీలు
పై వ్యాఖ్యలోని విద్వత్తును గౌరవిస్తాను. అయినా "అన్నిటికీ ఒకే సిద్ధాంతం" అన్న భావన నా వృత్తిలో రోజూ విరిగిపోవడం చూస్తున్నాను. ఒక గొడవలో ఒకరికి గాయమైందనుకోండి. క్రిమినల్ కేసులో సహేతుకమైన సందేహానికి తావు లేకుండా రుజువు కావాలి. అదే సంఘటన మీద నష్టపరిహారం కోసం సివిల్ దావా వేస్తే, ఏది ఎక్కువ సంభావ్యమో అటు మొగ్గు చూపితే చాలు. సాక్షులు వాళ్లే, సంఘటన అదే, కానీ ఒక కోర్టులో "రుజువు కాలేదు", ఇంకో కోర్టులో "రుజువైంది". రెండూ సరైన తీర్పులే. మరి ఆ సంఘటన మనకు తెలిసినట్టా, తెలియనట్టా? ఏ సార్వత్రిక సిద్ధాంతం దీనికి ఒక్క మాటలో జవాబు చెబుతుంది?

1872 నాటి సాక్ష్య చట్టం వెళ్లి 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం వచ్చింది. పేరూ సెక్షన్ల సంఖ్యలూ మారాయి గానీ, ఏ సాక్ష్యాన్ని ఎక్కడ ఎంతవరకు నమ్మాలన్న నియమాల్లో ఎక్కువ భాగం అలాగే నిలిచింది. ఆ నియమాలు అనుభవంలోంచి, పాత తప్పుల్లోంచి వచ్చాయే తప్ప తత్త్వవేత్తల దగ్గర నుంచి రాలేదు.

మోటారు_వైండింగ్
వకీలుగారు నా మాటే చక్కగా చెప్పారు.

డాలస్_లెక్కలు
వకీలుగారూ, మీరు ఇచ్చిన ఉదాహరణ మీ వాదానికి విరుద్ధంగా నడుస్తోందని నాకు అనిపిస్తోంది. క్రిమినల్ కేసులో కొలబద్ద ఎందుకు కఠినంగా ఉంది? నిర్దోషిని జైలుకు పంపే తప్పు చాలా పెద్దది కాబట్టి. సివిల్‌లో రెండు పక్షాల నష్టమూ ఇంచుమించు సమానం కాబట్టి కొలబద్ద మధ్యలో ఉంది. తప్పుకు చెల్లించే మూల్యాన్ని బట్టి రుజువు స్థాయి మారాలన్నది మందుల పరీక్షకూ, వంతెన కట్టడానికీ, బోరు వేయడానికీ వర్తించే సూత్రమే. రెండు కోర్టుల తేడాను మీకు వివరించి చెప్పేది ఆ సార్వత్రిక సూత్రమే.

గుంటూరు_వకీలు
వివరించడం వేరు, ఉపయోగపడడం వేరు. ఆ సూత్రం తెలియని న్యాయమూర్తి కూడా అదే తీర్పు రాస్తారు.

దీపిక_చదువరి
వకీలుగారు ప్రస్తావించిన చట్టంలోనే "రుజువైంది" అన్న మాటకు నిర్వచనం ఒకసారి చూడమని మనవి. ఒక విషయం ఉన్నట్టు కోర్టు నమ్మాలి, లేదా వివేకం గల మనిషి ఆ పరిస్థితుల్లో అది ఉన్నట్టే భావించి నడుచుకోదగినంత సంభావ్యంగా దాన్ని ఎంచాలి అని అందులో ఉంది. ఇక్కడ కూడా కొలబద్ద నడుచుకోవడమే, అంటే ప్రవృత్తే. న్యాయభాష్యం తెలియని ఇంగ్లీషు న్యాయవాది జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ ముసాయిదాలో, పదిహేను వందల ఏళ్ల తరువాత, అదే ఆలోచన మళ్లీ కనిపించింది. ఇద్దరూ ఒకరికొకరు తెలియకుండా ఒకే చోటికి చేరారంటే అక్కడ ఏదో సార్వత్రికమైనది ఉందని నేను అనుకుంటాను.

గుంటూరు_వకీలు
ఆ నిర్వచనాన్ని వందలసార్లు కోర్టులో చదివాను, ఈ కోణంలో ఎన్నడూ చూడలేదు. ఆలోచిస్తాను. ఇదే వరుసలో ఇంకొకటి గుర్తుకు వచ్చింది. పరిస్థితుల సాక్ష్యం మీద మాత్రమే ఆధారపడే కేసులకు 1984లో శరద్ బిర్ధిచంద్ సార్దా కేసులో సుప్రీంకోర్టు ఐదు సూత్రాలు చెప్పింది. నిందితుడు దోషి అన్న ఒక్క ఊహ తప్ప మరే ఊహా ఆ పరిస్థితులతో పొసగకూడదన్నది వాటి సారం. మీరు చెప్పిన అన్యథాసిద్ధికి ఇది దగ్గరగానే ఉంది.

కఫం_స్లైడు
ప్రభుత్వ ల్యాబులో టెక్నీషియన్‌ను. తత్త్వశాస్త్రం చదవలేదు, కానీ మా అన్నయ్య సంస్కృతం పండితుడు. ఆయన ఒకసారి చెప్పిన ఒకే ఒక్క మాట నా పని తీరును మార్చింది కాబట్టి రాస్తున్నాను.

క్షయ అనుమానంతో వచ్చినవారి కఫాన్ని స్లైడు మీద పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూస్తాం. క్రిములు కనిపించకపోతే నెగటివ్ అని రాస్తాం. ఆ కాగితం పట్టుకొని రోగి "నాకు క్షయ లేదట" అని సంతోషంగా వెళ్లిపోతాడు. ఒకరోజు ఇది మాట్లాడుతుంటే, కనిపించకపోవడం కూడా ఒక ప్రమాణమేనని కుమారిల భట్టు అనుచరులైన భాట్ట మీమాంసకులు అంటారనీ, దాని పేరు అనుపలబ్ధి అనీ అన్నయ్య చెప్పారు. అయితే దానికి ఒక షరతు ఉందట. ఆ వస్తువు అక్కడ ఉండి ఉంటే తప్పకుండా కనిపించేదే అన్న యోగ్యత ఉన్నప్పుడు మాత్రమే, కనిపించలేదు కాబట్టి లేదు అని చెప్పవచ్చు. వెలుతురున్న గదిలో నేల మీద కుండ కనిపించకపోతే కుండ లేదనవచ్చు, చీకటి గదిలో ఆ మాట అనకూడదు.

మైక్రోస్కోపుకు క్రిములు దొరకాలంటే ఒక మిల్లీలీటరు కఫంలో సుమారు 5 వేల నుంచి 10 వేల దాకా ఉండాలి. అంతకు తక్కువ ఉంటే అది చీకటి గదే. క్రిమి జన్యువును వెతికే సీబీనాట్ యంత్రం సుమారు 130 ఉన్నా పట్టుకుంటుంది, అది కొంత వెలుతురున్న గది. అప్పటి నుంచి నేను "నెగటివ్" అన్న మాటను రోగికి చెప్పే పద్ధతి మార్చాను. "మాకు కనిపించలేదు, దగ్గు తగ్గకపోతే మళ్లీ రండి, వేరే పరీక్ష ఉంది" అంటాను. అలా మళ్లీ వచ్చి మందులు మొదలుపెట్టినవారిని చూశాను. అందువల్ల ఉపయోగం లేదన్న మాటను నేను ఒప్పుకోలేను.

ధర్మవరం_దారి
ఈ ఒక్క జవాబు కోసమే నేను ప్రశ్న వేసినట్టు అనిపిస్తోంది. యోగ్యానుపలబ్ధి మీద నేను పరీక్షలో పది మార్కుల వ్యాసం రాశాను. కుండ, నేల తప్ప ఇంకో ఉదాహరణ ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు.

మోటారు_వైండింగ్
కఫం_స్లైడు గారు చెప్పినది నా పనిలోనూ ఉంది. ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ మీటరు పెట్టి చూస్తే ఇన్సులేషన్ బాగుందని రీడింగు వస్తుంది. అదే మోటారును బోరులోకి దించి లోడు మీద నడిపితే గంటలో కాలిపోతుంది. పొడిగా ఉన్నప్పుడు లోపం కనిపించదు. అందుకే నీళ్లలో నానబెట్టి మళ్లీ చూస్తాం. దీనికి ఒక పేరు ఉందని ఇప్పుడు తెలిసింది. అయితే పేరు తెలియక ముందు కూడా నేను నానబెట్టే చూసేవాణ్ని.

డాలస్_లెక్కలు
మోటారు_వైండింగ్ గారు చెప్పిన చివరి వాక్యం చాలా ముఖ్యమైనది. పేరు లేకుండానే మీకు ఆ తెలివి ఉంది. కానీ మీ తెలివి మీ షెడ్డు దాటి పక్క వృత్తికి వెళ్లాలంటే దానికి ఒక పేరు కావాలి. ఈ చర్చలో జరిగింది అదే, కుండ నుంచి కఫానికి, కఫం నుంచి మోటారుకు వచ్చింది.

నా రంగంలోంచి ఒక ఉదంతం చెబుతాను. పొగతాగేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ చాలా ఎక్కువని 1950లో బ్రిటన్‌లో రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ చూపించారు. దాన్ని కారణంగా ఒప్పుకోవడానికి నిరాకరించినవారిలో ముఖ్యుడు సామాన్యుడు కాదు, ఆధునిక గణాంక శాస్త్రానికి పునాది వేసిన రోనాల్డ్ ఫిషర్. పొగతాగాలన్న కోరికకూ క్యాన్సర్‌కూ మూలంలో ఏదో ఒక జన్యుగుణం ఉండవచ్చు కదా, అప్పుడు పొగ కారణం కాదు, తోడుగా కనిపించేది మాత్రమే అని ఆయన 1950ల చివర్లో వాదించాడు.

ఇది మన తార్కికులు ఉపాధి అనే, చాటున ఉండే షరతుకు చాలా దగ్గర. నిప్పు ఉంది కాబట్టి పొగ ఉంది అనకూడదు, ఎందుకంటే మధ్యలో తడి కట్టె అన్న ఉపాధి ఉంది. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. ఫిషర్ అడిగిన ప్రశ్న న్యాయమైనదే. దానికి 1959లో జెరోమ్ కార్న్‌ఫీల్డ్, ఆయన సహచరులు ఇచ్చిన జవాబు ఇప్పటికీ నన్ను ఆశ్చర్యపరుస్తుంది. పొగతాగేవారిలో వ్యాధి తొమ్మిది రెట్లు ఉంటే, దానికంతటికీ దాగి ఉన్న గుణమే కారణమని చెప్పాలంటే, ఆ గుణం పొగతాగేవారిలో కనీసం తొమ్మిది రెట్లు ఎక్కువగా ఉండాలి. అంత పెద్ద గుణం ఉంటే అది ఎక్కడ ఉంది, చూపించండి అన్నారు. ఎవరూ చూపించలేకపోయారు. ఉపాధి ఉండవచ్చు అని ఊరికే అనడం చాలదు, అది ఎంత పెద్దదై ఉండాలో కూడా చెప్పాలన్నది అక్కడ స్థిరపడింది. ఏ మందు విషయంలోనైనా, ఏ కాలుష్యం విషయంలోనైనా నేను రోజూ వాడే పద్ధతి ఇదే.

కవిటి_నర్సు
పై వ్యాఖ్య చదివి రాయకుండా ఉండలేకపోతున్నాను. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. మధుమేహం లేనివారికీ, బీపీ లేనివారికీ, పొలంలో కష్టం చేసుకొనేవారికీ కిడ్నీలు పాడవుతున్నాయి. నీటిలోని సిలికా అన్నారు, భారలోహాలు అన్నారు, పురుగు మందులు అన్నారు, ఎండలో పని చేసి నీళ్లు తక్కువ తాగడం అన్నారు, జన్యువులు అన్నారు. ఇదీ కారణం అని అందరూ ఒప్పుకొనేలా ఇప్పటివరకూ తేలలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోనూ, మధ్య అమెరికాలోనూ ఇలాంటి జబ్బే ఉందని చదివాను.

ఎన్నో బృందాలు వచ్చాయి. రక్తం తీసుకున్నారు, నీళ్లు పట్టుకెళ్లారు. ఫలితం ఏమిటని అడిగితే "ఇంకా రుజువు కాలేదు" అన్నారు, చాలాసార్లు ఆ మాట చెప్పడానికి కూడా ఎవరూ తిరిగి రాలేదు. పెద్ద పెద్ద సిద్ధాంతాలు అడిగే రుజువు పూర్తయ్యేలోపు ఒక తరం డయాలసిస్ మంచం మీద గడిచిపోయింది. రుజువు కోసం ఎంతకాలం ఆగాలో చెప్పని సిద్ధాంతం మాలాంటివారికి హాని కూడా చేస్తుందని నేను చెప్పదలచుకున్నాను.

డాలస్_లెక్కలు
మీ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక్కటి మాత్రం అనగలను. 1965లో బ్రాడ్‌ఫర్డ్ హిల్ కారణాన్ని నిర్ణయించడానికి తొమ్మిది దృక్కోణాలు చెప్పిన ఉపన్యాసంలోనే, మన జ్ఞానం ఎప్పుడూ అసంపూర్ణమే గానీ, ఆ సాకుతో ఉన్న జ్ఞానాన్ని పక్కన పెట్టడానికీ, చేయవలసిన పనిని వాయిదా వేయడానికీ మనకు హక్కు లేదన్న అర్థంలో ముగించాడు.

కవిటి_నర్సు
ఆ మాట చెప్పినవారు ఒకరైనా ఉన్నందుకు సంతోషం. మా దగ్గర కారణం తేలకముందే వంశధార నీళ్లు హిరమండలం నుంచి పైపుల ద్వారా తెచ్చి ఇచ్చారు. భూగర్భ జలమే కారణమో కాదో తెలియదు, అయినా మంచి నీళ్లు ఇవ్వడం వల్ల నష్టం లేదు. ఆ నిర్ణయం సరైనదని నేను నమ్ముతాను. దాన్ని ఏ ప్రమాణం అంటారో పండితులు చెప్పాలి.

దీపిక_చదువరి
ఆయుర్వేద గ్రంథమైన చరక సంహితలో ఆప్తోపదేశం (నమ్మదగినవారి మాట), ప్రత్యక్షం, అనుమానాలతో పాటు యుక్తి అని నాలుగోది ఉంది. అనేక కారణాలు కలిసి ఒక ఫలితాన్ని ఎలా ఇస్తాయో ఊహించి తెలుసుకొనే బుద్ధి అది. నేల దున్నడం, నీరు, విత్తనం, ఋతువు కలిస్తే పంట వస్తుందన్నది చరకుడు ఇచ్చిన ఉదాహరణ. తార్కికులు దీన్ని వేరే ప్రమాణంగా ఒప్పుకోలేదు, వైద్యుడికి మాత్రం అది లేకుండా గడవలేదు. మీ నిర్ణయం అలాంటిదని నాకు తోస్తోంది. అయితే ఇది గుంటూరు_వకీలు గారి వాదానికే బలమిస్తుందని ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే ప్రతి వృత్తీ తనకు కావలసిన ప్రమాణాన్ని తానే చేర్చుకుంది. చార్వాకుడికి ఒక ప్రమాణం చాలింది, బౌద్ధులకు రెండు, సాంఖ్యులకు మూడు, మీమాంసకుల్లో ప్రాభాకరులకు ఐదు, భాట్టులకు ఆరు. అందరూ సార్వత్రికమనే చెప్పుకున్నారు.

గూడెం_బడి
ఏజెన్సీలో ఉపాధ్యాయుణ్ని. ఎవరూ అడగని ప్రశ్న ఒకటి మిగిలింది. ఎవరి మాట శబ్ద ప్రమాణం అవుతుంది? మా గూడెంలో ఇరవై ఏళ్లు కాన్పులు చేసిన ఒక పెద్దమ్మ, బిడ్డ అడ్డం తిరిగిందని చేత్తో తడిమి చెప్పింది. ఆసుపత్రిలో ఆమె మాటను ఎవరూ లెక్కచేయలేదు, గంటల తరువాత స్కానింగులో అదే తేలింది. ఆమెకు అక్షరాలు రావు కాబట్టి ఆమెకు తెలిసినది జ్ఞానం కాకుండా పోయింది. జ్ఞాన సిద్ధాంతాలు రాసినవారందరూ చదువుకున్నవారే, వాళ్లకు ఎదురుగా కూర్చొని వాదించే అర్హత కూడా చదువుకున్నవారికే ఉండేది. అలాంటి సిద్ధాంతాన్ని సార్వత్రికం అని ఎలా అంటాం?

దీపిక_చదువరి
మాస్టారూ, ఆ అన్యాయం నిజం. అయితే గ్రంథంలో ఉన్నదాన్ని ఒకటి చెప్పనివ్వండి. ఆప్తుడు ఎవరు అన్నదానికి వాత్స్యాయనుడు, వస్తువును స్వయంగా తెలుసుకొని, తెలిసినది తెలిసినట్టు చెప్పాలన్న కోరికతో మాట్లాడేవాడు అని నిర్వచనం చెప్పి, ఈ లక్షణం ఋషులకూ, ఆర్యులకూ, మ్లేచ్ఛులకూ సమానమే అని స్పష్టంగా రాశాడు. పుట్టుక అందులో లేదు, అక్షరం లేదు. మీ పెద్దమ్మ ఆ నిర్వచనానికి పూర్తిగా సరిపోతుంది, ఆమె మాటను తోసేసినవారు దాన్ని తప్పారు.

గూడెం_బడి
ఆ వాక్యం ఉందని ఇప్పుడే తెలుసుకున్నాను. అది రాసిన సమాజమే దాన్ని పాటించలేదన్నది కూడా అంతే నిజం. కానీ ఆమె తరఫున ఇకమీదట వాదించడానికి నాకొక ఆధారం దొరికింది, దాన్ని వాడుకుంటాను.

కృష్ణాతీరం
మొదటి వ్యాఖ్యలో నాన్నగారు అడిగిన ప్రశ్న దగ్గరికి ఎవరూ వెళ్లలేదు. "మిషను చెప్పేది నిజమని నీకెలా తెలుసు?" అన్నది బౌద్ధ తత్త్వవేత్త నాగార్జునుడు విగ్రహవ్యావర్తని అన్న గ్రంథంలో నైయాయికులను, అంటే న్యాయశాస్త్ర తార్కికులను అడిగిన ప్రశ్నే. ప్రమాణాలతో వస్తువులు తెలుస్తాయంటే, ఆ ప్రమాణాలను నిలబెట్టేది ఏది? ఇంకో ప్రమాణం అంటే దానికి మరొకటి కావాలి, అంతు ఉండదు. న్యాయసూత్రాల్లో దీనికి ఉన్న జవాబు త్రాసు. త్రాసుతో బంగారం తూచేటప్పుడు త్రాసు ప్రమాణం. ఆ త్రాసు మీదే అనుమానం వస్తే, బరువు తెలిసిన బంగారం ముక్కతో త్రాసునే పరీక్షిస్తాం, అప్పుడు త్రాసే ప్రమేయం, అంటే తెలుసుకోవలసిన వస్తువు అవుతుంది. అన్నిటినీ ఒకేసారి అనుమానించనక్కరలేదు, దేని మీద అనుమానం వచ్చిందో దాన్ని తెలిసినదానితో పరీక్షించవచ్చు. సర్వే మిషనును నీళ్లు పడని మీ రెండు బోర్ల మీదా, నిరుటి దాకా నీళ్లిచ్చిన మూడోదాని మీదా పెట్టి చూడమనండి. కొబ్బరికాయను కూడా అక్కడే పరీక్షించవచ్చు, ఆ చోట్లు తెలియని కొత్త మనిషి చేత.

రాళ్ల_భాష
భూగర్భ జలాల సర్వే నా వృత్తి. కృష్ణాతీరం గారి సలహా బాగుంది, రెండు హెచ్చరికలు మాత్రం చేర్చాలి.

సర్వేలో రెండు ఇనుప కడ్డీల ద్వారా కరెంటు పంపి, మధ్యలో మరో రెండింటి దగ్గర వోల్టేజీ కొలుస్తాం. గట్టి గ్రానైటు విద్యుత్తును బాగా అడ్డుకుంటుంది, నీరు నిండిన వదులు రాయి తక్కువగా అడ్డుకుంటుంది. కానీ బంకమట్టి కూడా తక్కువగానే అడ్డుకుంటుంది, అందులోంచి బోరుకు నీరు రాదు. కాబట్టి తక్కువ నిరోధం ఒక్కటే చూసి పాయింటు పెట్టేవారిని నమ్మవద్దు. తర్కం తెలిసినవారు దీన్ని సవ్యభిచార హేతువు, అంటే అటూ ఇటూ పోయే గుర్తు అంటారనుకుంటాను. చుట్టుపక్కల బోర్ల లోతు, రాతి పగుళ్ల దిశ, వాగు నడక అన్నీ కలిపి చూడాలి. అప్పుడు కూడా నీళ్లు పడతాయని హామీ ఉండదు. ఉందని చెప్పే సర్వేయరు అబద్ధం చెబుతున్నట్టే.

కొబ్బరికాయలాగే పంగల కర్ర లాంటివి పట్టుకొని నీళ్ల చోటు చెప్పేవారి మీద 1980ల చివర్లో మ్యూనిక్ దగ్గర పెద్ద పరీక్ష జరిగింది. సుమారు 500 మందిని చూసి, బాగా చెప్పగలరనిపించిన 43 మందిని ఎంచుకొని, ఒక కొట్టం కింది అంతస్తులో గొట్టం ఎక్కడ ఉందో పై అంతస్తు నుంచి చెప్పమన్నారు. 843 సార్లు పరీక్షించారు. నిర్వహించినవారు కొందరికి శక్తి ఉందన్నారు. ఆ అంకెలనే మళ్లీ పరిశీలించిన జిమ్ ఎన్‌రైట్, అవి గుడ్డిగా చెప్పినదానికంటే మెరుగ్గా లేవని చూపించాడు. అదే సమయంలో మా వృత్తిలోని పెద్దలు చెప్పే మాట కూడా రాయాలి. ముప్ఫై ఏళ్లు పొలాలు తిరిగిన పెద్దాయన చెట్టును, పుట్టను, నేల వాలును చూసి ఏదో గ్రహిస్తూ ఉండవచ్చు, చేతిలో కొబ్బరికాయ ఉన్నా లేకపోయినా. ఆయన కళ్లకు గంతలు కట్టి ఒకసారి, కట్టకుండా ఒకసారి చూపించమంటే అది తేలుతుంది.

మోటారు_వైండింగ్
కళ్లకు గంతలు కడితే పెద్దాయన నొచ్చుకుంటారు. అలా అడగకండి. ఊళ్లో ఇప్పటికే వేసిన బోర్ల లెక్క తీయండి, అందులో ఎవరికీ అవమానం లేదు.

ధర్మవరం_దారి
ఇన్ని రోజులు రాయకపోవడానికి కారణం ఆ లెక్కే. మోటారు_వైండింగ్ గారి సలహా ప్రకారం నోటుపుస్తకం పట్టుకొని ఇంటింటికీ తిరిగాను. ఎవరి బోరు, ఏ సంవత్సరం, ఎన్ని అడుగులు, పాయింటు ఎవరు పెట్టారు, నీళ్లు పడ్డాయా లేదా అని రాసుకున్నాను. నీళ్లు పడిన బోర్ల కథలు అందరూ సంవత్సరంతో సహా చెప్పారు. పడని బోర్లను రెండోసారి, మూడోసారి అడిగితేనే చెప్పారు. కొందరి పొలాల్లో కేసింగ్ పైపు మీద బండరాయి పెట్టి ఉంది, ఇదేమిటని అడిగితే తప్ప గుర్తుకు రాలేదు. "ఆయన చూపించిన చోట చాలామందికి పడ్డాయి" అన్న మాట ఎలా తయారైందో ఆ బండరాళ్లను చూశాక నాకు అర్థమైంది. చాలా బోర్లు ఇంకా నా పుస్తకంలోకి రాలేదు కాబట్టి ఏ నిర్ధారణా రాయను.

నిన్న రాత్రి నాన్న ఆ పుస్తకం అడిగి తీసుకున్నారు. చాలాసేపు తిప్పి, పెన్ను ఇవ్వమని, మా సర్వే నంబరు కింద ఒక వరుస తానే రాశారు. 2011లో వేసి, అప్పు భయంతో ఇంట్లో ఎవరికీ చెప్పని బోరు ఒకటి ఉందట. పాయింటు కొబ్బరికాయదే. వచ్చే వారం ముందు ఆ చోటనే సర్వే మిషను పెట్టించమన్నారు.

రాళ్ల_భాష
ఎన్ని అడుగులు వేశారో నాన్నగారికి గుర్తుందా? దాన్ని బట్టి కడ్డీల దూరం పెట్టుకోవచ్చు.

ధర్మవరం_దారి
380 అడుగులట. చివరి 60 అడుగులు నల్లరాయి అని కూడా పుస్తకంలో రాశారు.